ఎర్రదారం మేకలు

పైసలు పుణె నుంచి వచ్చినయో నాగపూర్ నుంచి వచ్చినయో,
మాకెరిక సిరొంచ బ్యాంకు దాకే.
మొదటి హప్తా, అరవై వేలు.
మేకల సంఘం పేరు మీద పడ్డనాడు
జాడి బక్కక్క పాసుబుక్కును
పురిటిబిడ్డను చూపినట్టు ఇల్లిల్లూ తిప్పింది.

కొట్టం మా దొడ్డిలనే లేచింది.
నేల మీద కాదు, నడుమెత్తు మంచె మీద.
పెంటికలు కిందికి రాలాలె, మేక పొడిగ పండాలె అని
వెదురుబద్దల నడుమ వేలెడు సందు.
అల్లినోడు మడావి పోచం. కూలి సగం బాకీ.
నీలం రేకు మీద మరాఠీల ఏదో రాసి పాతిండ్రు.
ఏడో తరగతి చదివే నా బిడ్డ కూడబలుక్కొని చెప్పింది:
అమ్మా, ఇది చూపిచ్చే జాగనట.

చూపిచ్చుడంటే ఏందో
ఇంగోలే సాయబు మట్టిల పుల్లతో గీత గీసి చెప్పిండు.
గీతకు ఇవతల ఐదు మేకలు, పచ్చదారం:
నట్టల మందు, టీకా, పొద్దుగూకినంక దోసెడు దాణా.
అవతల ఐదు, ఎర్రదారం:
ఏం లేదు.
ఏం లేకుంటె ఎట్ల సాయబూ?
పోల్చాలె గద బాయీ,
అవి తగ్గితేనే ఇవి పెరిగినట్టు తెలిసేది.

చీటీలు తీసిండ్రు.
ఎర్రదారం పడ్డ ఐదింట్ల మూడు రత్నూబాయివి.
ఆమెకున్నవే మూడు.
ఆమె ఏమనలేదు. దారం ముడేసేటప్పుడు మాత్రం
మెడకూ దారానికీ నడుమ తన వేలు పెట్టి ఉంచింది.

పక్షానికోసారి తూకం.
వేపకొమ్మకు స్ప్రింగు కాంటా, గోనెసంచి ఉయ్యాల,
అండ్ల కాళ్లు కొట్టుకునే జీవం.
రాసేది నేను, కార్యదర్శిని.
తెలుగుల రాసుకొని మరాఠీలకు దించేదాన్ని.
గీతలు మారుతయి, కిలోలు మారవు.

వాన పట్టింది. ప్రాణహిత ఒడ్డు దాటింది.
నీళ్లు తీసినంక గడ్డి నిండ నత్తలు,
నత్తల వెంబడి జలగ రోగం.
రత్నూబాయి నల్లమేకకు దవడ కింద నీటిసంచి వేలాడింది.
ఫోన్ చేస్తె సాయబు అన్నడు:
లక్షణాలు రాయి బాయీ, తారీఖుతో సహా.
మందు మాత్రం పొయ్యకు, లెక్క చెడుతది.

లెక్క చెడగొట్టింది నేనే.
పచ్చదారపు సీసల అడుగున ఇంకింత ఉండె.
అర్ధరాత్రి, దీపం లేకుండ,
వెదురుగొట్టం నోటి పక్కన పెట్టి
గుటక చప్పుడు వినపడేదాక దవడ పట్టుకొని.
నాలుగోదాని దగ్గరికి పోతె
అక్కడ అప్పటికే ఎవరో కూసున్నరు.
రత్నూబాయి. ఆమె కొంగుల ఆమె సీస.
ఎవరి కాళ్లు పట్టుకొని తెచ్చిందో.
ఇవి మూడూ అయినయి, అన్న గుసగుసగ.
ఆమె మూత బిగించింది.
మల్ల ఆ మాట ఇద్దరమూ ఎత్తలేదు.

దీపావళి ముంగట ఆఖరి తూకం.
పచ్చయి సగటున పదిహేడు. ఎర్రయి పదహారున్నర.
సాయబు కళ్లద్దాలు తీసి తుడిచి మల్ల పెట్టుకున్నడు.
చెప్పుకోదగ్గ తేడా లేదని రాసిండు.
రెండో హప్తా రాలేదు.
కొట్టానికి ఒకపక్క కప్పు పడలేదు.
పోచం కూలికి నా పోతును అమ్మిన.
మన మేకలే ఎందుకు పెరగలేదే అని
బక్కక్క ఇప్పటికీ నన్నే అడుగుతది,
నేను దాణా మీదికి తోస్త.

కార్తీకంల, ఎవరూ చూపియ్యకుండనే,
ఊరంత తలా ఇరవై ఏసుకొని
నట్టల మందు డబ్బా తెప్పిచ్చింది.
ఇది ఏ కాగితంల ఎక్కాలెనో నాకు తెల్వదు.

ఫారం చివర ఒక గడి ఉంది: ఫలితం.
పదికి పది బతికినయి, అని రాసిన.
అక్కడ శాతం రాయాల్నట, కొట్టేసి ఇయ్యమన్నరు.
పెన్ను చేతులనే ఉండె.
కొట్టెయ్యలేదు.