అండ్ పార్టీ

నల్లగొండ గడియారం కాడ
పాత ఇనుము కొట్లో
విరిగిన ఫ్యాను రెక్కల కింద దొరికింది,
దోసెడు ఎర్రదుమ్ముతో నల్ల పళ్లెం.
ముప్పై అన్నాడు, ఇరవైకిచ్చాడు.
గోడకు గొట్టుకుంటరా సార్ దీన్ని, అనడిగాడు.

పసుపు కాగితం మీద సగం చెదలు తిన్న పేరు:
కంబాలపల్లి లచ్చుమయ్య అండ్ పార్టీ.
లచ్చుమయ్య పోయి చాన్నాళ్లయింది.
నాకు కావలసింది పార్టీ.

వారమంతా మందుల కంపెనీ బ్యాగు మోస్తాను,
ఆదివారం ఎవరూ అడగని ప్రశ్నలు.
దేవరకొండలో డోలకు కొట్టినాయన కొడుకు
తలుపు సందులోంచే అడిగాడు:
మా నాయిన పేరు మీద లోనేమన్న ఉన్నదా?
హాలియాలో ఖాసీం సాబు
హార్మోనియం ఎప్పుడో అమ్ముకున్నాడు గానీ
మాట్లాడుతుంటే ఎడమచెయ్యి
గాలి కొడుతూనే ఉంది.
"పొద్దుగూకి మొదలైతే కోడికూతకు ఒడిసే కథ అది.
మూడు నిమిషాల్ల చెప్పుమన్నరు.
రాజు పుట్టిండు, అడివికి పోయిండు, ఎర్రబుగ్గ ఆరింది.
మిగిలిన రాత్రంత యాడ వెట్టిన్రో
ఆ కంపెనోళ్లనే అడుగు."

రెండో పక్క, రెండో చరణం తర్వాత
వంతపాటలో ఒక గొంతు
ఒక దెబ్బ ఆలస్యంగా లేస్తుంది.
వందసార్లు విన్నాను.
నోటుబుక్కులో రాసుకున్నాను:
తాళాన్ని కావాలని వెనక్కి లాగే డిండి వాగు పద్ధతి,
బహుశా ఇసుకలో నడక నుంచి పుట్టింది.
కింద రెండు గీతలు కూడా గీశాను, నాకు నేనే నచ్చి.

ఆ గొంతు మిర్యాలగూడలో ఉందని ఖాసీం సాబే చెప్పాడు.
రైసుమిల్లుల వెనక, ఊక పొగ కింద రేకులిల్లు.
సైదమ్మ. డెబ్బై దాటాయి.
పళ్లెం చేతికిస్తే ముందు వాసన చూసింది.
"గింత పల్సగుంటదా" అంది.
పాడిందే గానీ ఎన్నడూ పట్టుకోలేదట.
నలభై రూపాయలు, ఒక పూట అన్నం,
బస్సు కిరాయి ఒక దిక్కుకే.
వినడం మాత్రం ఒక్కసారి విన్నదట,
కొండమల్లేపల్లి చౌరస్తాలో, హోటలు మైకులో.
నెత్తిమీద గడ్డిమోపుతో పాట అయిపోయేదాకా నిలబడి
"గది నేనే" అని చెప్పిందట హోటలాయనకు.
పక్కకు జరుగమ్మా, గిరాకి వస్తది, అన్నాడట.

ప్లేయరు పెట్టాను. అదృష్టం, కరెంటుంది.
మొదటి చరణానికి ఆమె పెదవి కదల్లేదు.
ఆ ఆలస్యం దగ్గర నేను వేలెత్తి అడిగాను:
ఇది మీ గురువు నేర్పిన పద్ధతేనా?

సైదమ్మ నవ్వింది, దగ్గొచ్చేదాకా.
"పద్ధతా పాడా!
గోడలకు బొంతలు కుట్టిన అర్ర అది.
బయటి సప్పుడు లోపటికి రాదన్నరు.
పాలు తాగే పిలగాన్ని వాచుమన్ చేతుల పెట్టి పోయిన.
వాడు ఏడ్సిండు.
ఎవలకినవడలే. నాకినవడ్డది.
రైక తడిసింది, తాళం తప్పింది.
మల్ల పాడుతమంటే టైము లేదన్నరు."

సూది చివరి గీతలో తిరుగుతూనే ఉంది.
ఎవరూ తియ్యలేదు.

అప్పుడే మిల్లు నుంచి వచ్చాడొకాయన,
కనుబొమ్మల మీద తవుడు,
భుజాన బస్తాల కొక్కెం.
"గీడే" అంది సైదమ్మ, గడ్డం ఎత్తి చూపి.
ఆయనకేమీ అర్థం కాలేదు.
ఎవరే, కరెంటు బిల్లు సారా? అంటూ
చెంబెడు నీళ్లు మొహాన కొట్టుకున్నాడు.

రాత్రి బస్సులో నోటుబుక్కు తీశాను.
రెండు గీతలున్న వాక్యాన్ని కొట్టెయ్యబోయి ఆగాను.
పక్కన ఆయన పేరు రాద్దామనుకుంటే
అడగనే లేదని అప్పుడు తెలిసింది.
తిప్పర్తి దాటినా
పెన్ను మూత తీసే ఉంది.