గరుకు వైపు

దస్తగిరి కూనూరులో బండల లోడు దించి
తిరుగు బండిలో తెచ్చినాడు దీన్ని.
సగానికి కోసిన నీళ్ళ సీసాలో
తడి తువ్వాలు చుట్టుకున్న మూడు జానల తీగ.
"సలిదేశం బిడ్డక్కా, మన తాడిపత్రిలో
బతుకుతాదో లేదో సూడు" అని
క్యాబిన్ మెట్టు మీంచే చేతికిచ్చి
ఇంజను ఆపకుండానే వెళ్ళిపోయినాడు.

పేరు ఐవీ అంట.
నాకైతే ఆసుపత్రిలో ఎక్కించే సెలైను గుర్తొచ్చింది.
ఆ పేరు నోట పట్టక
కూనూరు పిల్ల అని పిలుచుకున్నా.

మొదటి తప్పు ప్రేమతోనే చేసినా.
పొద్దున చెంబుడు, మాపున చెంబుడు.
కింది ఆకులు పసుపై, కాడ మెత్తబడి
తొట్టి నుంచి మురుగు వాసన.
మన్నంతా దులిపి, కుళ్ళిన వేళ్ళు కోసి,
ఇసుక సగం కలిపి మళ్ళీ నాటినాక తెలిసింది:
నీళ్ళు పోసేముందు మన్నునడగాల.
వేలు రెండో కణుపు దాకా దించితే
పొడిగా తగిలిన రోజే పోయాల.

ఎండ సంగతి ఎవరూ చెప్పే పని లేదు.
ఏప్రిల్ వస్తే మా యార్డులో
పేర్చిన బండల మీద చెయ్యి ఆనదు.
షెడ్డు వెనక, ఉత్తరం వైపు,
మిషన్ తొట్టి పగులులోంచి చుక్క చుక్క కారే చోట
గోనెసంచి తడిపి తొట్టికి కట్టినా.
ఎనిమిది దాకా లేత ఎండ, ఆపైన నీడ.
అయినా మే నెలలో ఆకు వెనక
కంటికి ఆనీ ఆనని ఎర్ర నలుసులు,
సాలీడు మరిచిపోయినట్టు సన్నని పోగులు.
కుంకుడు రసం పలచగా చేసి
ఒక్కో ఆకూ వెనకా ముందూ తుడిచినా
చంటిబిడ్డ చెవులు తుడిచినట్టు.
ఒక ఆకు అయ్యేసరికి
ఇంకో ఆకు మీద రాతిపొడి.

జూలైలో పాకడం మొదలుపెట్టింది.
అందంగా ఉంటాదని
అద్దంలా పాలిష్ పట్టిన బండ ఒకటి తెచ్చి ఆనించినా.
కాడ పొడుగునా గొంగళి కాళ్ళ వంటి బుడిపెలు,
బండను తడిమి, తడిమి, ఇంకాస్త పైకి తడిమి
ఎండిపోయినాయి.
రాత్రి గాలికి తీగంతా జారి
నేల మీద చుట్టగా పడి ఉంది.

అప్పుడు కూర్చున్నా దాని ముందు.
ఇరవై రెండేండ్లు.
మిషన్ కిందినుంచి వచ్చిన బండల మీద
బూడిద నీళ్ళు కడిగి, గుడ్డతో రుద్ది,
మొహం కనపడేదాకా మెరిపించి పంపినా.
వేటికీ పట్టు దొరకకుండా చేసేదానికే
నాకు శనివారం కూలి.

మూల విరిగిన బండ ఒకటుంటే
తిప్పి నిలబెట్టినా,
గనిలో చీలినప్పటి గరుకు వైపు బయటికి.
పది రోజులకు
గిల్లినా ఊడలేదు.

గుమాస్తా సుంకన్న లెక్కకొచ్చినాడు.
"ఓబులమ్మా, ఈ బండ తిరగేసిందెవరు?"
సమాధానం వినకుండానే ఒక కొమ్మ పట్టి లాగినాడు.
కొమ్మ వచ్చింది, కాళ్ళు రాలేదు.
బండ మీద గోధుమ రంగు చిన్న చిన్న గుర్తులు
వరసగా మిగిలిపోయినాయి.
ఆయన పుస్తకంలో డ్యామేజి అని రాసి
నూట నలభై నా కూలిలో పట్టుకున్నాడు.

పట్టుకోనీ.
నా చేతుల మీదుగా పోయిన వేల బండల్లో
నా పేరున మిగిలింది ఇదొక్కటే.

ఆయన పీకిన కొమ్మను పారెయ్యలేదు.
కణుపు కింద ఏటవాలుగా కోసి సీసాలో పెట్టినా.
కొనలు గిల్లుతుంటేనే పక్క కొమ్మలు వస్తాయి,
ఆ పని సుంకన్న ఊరికే చేసిపెట్టినాడు.
చేతికి పాలు అంటితే దురద.
యార్డులోకొచ్చే మేకల్ని మాత్రం రాళ్ళేసి తోలతా,
ఇది తింటే వాటికి మంచిది కాదంట.

నిన్న తెల్లారి కొత్త ఆకు విచ్చుకుంది,
చిటికెన గోరంత.
అప్పుడే దాని మీద దుమ్ము.
కొంగు తడిపి తుడిచి
మిషన్ కాడికి పోయినా.