ఐదో ముక్క

డెబ్రెత్సెన్‌లో ఆ చలికాలం గుడ్లన్నీ గెర్గెయ్ తెచ్చేవాడు,
ఊక పోసిన చెక్కపెట్టెలో, సైకిలు వెనక కట్టి.
"ఎన్ని పిల్లలయ్యాయి?" అనేవాడు ప్రతి మంగళవారం.
నేను సంతకం పెట్టి పెట్టె అందుకునేదాన్ని.

పదకొండో రోజు గుడ్డు విప్పితే
కాలు అప్పటికే కాలు. వేళ్లు విడివడుతున్నాయి.
తొడలో కండ బియ్యపుగింజంత.
పక్కన గాజుపళ్లెంలో గుండె ఇంకా కొట్టుకుంటోంది,
దానికెవరూ చెప్పలేదు.

మాకు కావలసింది గుండెకండలో ఒక ప్రోటీను, దాని జన్యువు.
పద్దెనిమిది ముక్కలు.
ముక్కకీ ముక్కకీ నడుమ బారలకొద్దీ పొల్లు.
కణం ముందు అంతా పొల్లుపోకుండా ఎత్తిరాసుకుంటుంది,
తర్వాత తీరిగ్గా పొల్లంతా ఏరేస్తుంది,
కొత్త సంవత్సరం పప్పులో మా అత్త ఎటెల్కా రాళ్లేరినట్టు.

ఐదో ముక్క మరీ చిన్నది, ముప్పై అక్షరాలు.
పిండంలో ఉంచుకుంటుంది, పెద్దయ్యాక దాటేస్తుంది.
ఎందుకో బార్నబాష్ గారికీ తెలియదు.
తెలియదనే రాసిపెట్టాడు, పెన్సిల్‌తో, అంచున.

నాలుగు రోజులు మంచుపెట్టెలో పడున్న ఫిల్ముని
ఎర్రదీపం కింద కడిగాను.
గుండె వరసలో నల్లటి గీత. సరే.
కాలి వరసలోనూ ఉంది.

ముందు నా చేతినే అనుమానించాను.
కత్తెర తుడవలేదేమో,
గుండె తునకేదో కాలికి అంటిందేమో.
కొత్త కత్తెర, కొత్త గుడ్లు.
కాళ్లు కోసేదాకా గుండె జోలికే పోలేదు.
మళ్లీ నాలుగు రోజులు.
మళ్లీ అదే గీత,
ఐదో ముక్కతో సహా.

పదిహేనో రోజుకి పలచబడింది.
పిల్ల పెంకు పొడిచే నాటికి
ఊదితే పోయేంత మరక.

"నడక రాకముందు కాలు కొన్నాళ్లు గుండె మాట మాట్లాడింది"
అని నోటుపుస్తకంలో రాశాను.
బార్నబాష్ అడ్డంగా కొట్టేశాడు.
ఉంది, తర్వాత లేదు. అంతే రాయమన్నాడు.
అంతే రాశాను.

మంగళవారం గెర్గెయ్ మళ్లీ అడిగాడు.
"ఆరు" అన్నాను, మొదటిసారి.
ముఖం చేటంత అయింది.
ఇప్పుడవి ఎక్కడున్నాయని అడగలేదు.
ఊక దులిపి, ఖాళీ పెట్టె కట్టుకుని,
మంచులో చక్రం మొరాయిస్తే
సీటు మీంచి లేచి తొక్కాడు.

ట్రాము మలుపు దాకా ఆ పిక్కలనే చూస్తూ నిలబడ్డాను.
అవి ఎప్పుడో వదిలేసిన ముప్పై అక్షరాలు
నాకింకా నోటికొచ్చు.