పది నుంచి వెనక్కి

నా పని చిన్నది.
వేళ్ల కొసలకు జిగురు రాసి, తీగలు అంటించి,
పది నుంచి వెనక్కి లెక్కపెట్టడం.
సున్నా దగ్గర చెవుల్లో ఒక పెద్ద మోత.
అది వస్తుందని ముందే చెబుతాం. మోసమేమీ లేదు.

ఏడు అనేసరికే మనుషుల అరచేతులు తడుస్తాయి.
కాగితం మీద ముల్లు పైకి ఎగబాకుతుంది.
దొంగలకీ తడుస్తాయి.
మొన్న తనిఖీకి వచ్చిన పెద్దమనిషికి
మరీ ఎక్కువగా తడిశాయి.

యోరిట్‌కి తడవవు.
తొమ్మిది, ఎనిమిది, ఏడు, ఆరు...
అతని గీత, కిటికీ బయటి మా ఫ్రీస్‌లాండ్ నేలలా,
సముద్రపు గట్టు దాకా ఒకటే చదును.
ఈ నేల నిజానికి సముద్రం కంటే పల్లం.
నీళ్లు తోడేసి, ఆరబెట్టి, గొర్రెల్ని మేపుకుంటున్నాం.
రాత్రంతా ఎక్కడో పంపు ఆడుతూనే ఉంటుంది.
అతనిలోంచి ఎవరు తోడేశారో,
అసలు నీళ్లంటూ ఎప్పుడైనా ఉన్నాయో
డాక్టర్ హుక్స్‌ట్రా కూడా చెప్పలేదు.

ఫైల్లో ఉంది:
పంతొమ్మిదేళ్లప్పుడు నాయనమ్మ స్కేట్లు అమ్మేశాడు,
పెళ్లికి ముందు తాత చేయించి ఇచ్చినవి.
నన్ను పట్టుకున్నది అది కాదు.
ఆ తర్వాత మూడు రోజులు ఆమెతో కలిసి వెతికాడు.
టార్చి పట్టుకుని మంచాల కింద దూరాడు.
ఆమె కూలబడితే టీ కాచి ఇచ్చాడు,
"దొరుకుతాయిలే" అన్నాడు.
ముసలావిడ కోర్టులో చెప్పిందట:
వాడు నాతో అంత బాగా ఉన్న రోజులు
మళ్లీ రాలేదు.

ఆ తర్వాతి నేరాలు పెద్దవి.
అవి ఇక్కడ రాయను.

పక్క గదిలో సీట్సే.
అట్ట మీద అదే ముద్ర: సంఘవ్యతిరేక వ్యక్తిత్వం.
తలుపుకి అదే తాళం.
కానీ సీట్సేకి నేను "పది" అనకముందే చెమట.
గొంతు సవరించుకున్నా ఉలిక్కిపడతాడు.
అతని తండ్రి కూడా అంకెలు లెక్కపెట్టేవాడట,
బెల్టు విప్పుతూ.

ముద్ర, చేసిన పనుల్ని లెక్కపెడుతుంది.
చేస్తున్నప్పుడు లోపల ఏం మోగిందో,
ఏం మోగలేదో దానికి పట్టదు.
ఒకరిది మంటలంటుకున్న ఇల్లు.
ఇంకొకరిది పొయ్యే లేని ఇల్లు.
రెండు గుమ్మాలకీ ఒకటే నంబరు పలక.

మంగళవారం యోరిట్ అడిగాడు:
"వీట్స్కే, ఏడు దగ్గర మీకేమవుతుంది?"
వెక్కిరింత లేదు. నేను చెప్పాను.
సైకిలు మీద వేగంగా వస్తుంటే
కాలువ దగ్గర ఎర్రదీపం వెలుగుతుంది,
వంతెన రెండుగా చీలి పైకి లేస్తుంది.
బ్రేకు పడుతుంది, చక్రం ఆగుతుంది,
పొట్ట మాత్రం ఆగదు,
అంచు దాటి ముందుకు వెళ్లిపోతుంది.
ఎంత శ్రద్ధగా విన్నాడో!
మా ఆయన కూడా నన్ను అలా వినడు.
"పొట్ట ఆగదు" అన్నాడు మెల్లగా,
కొత్త నోటుని వెలుతురుకి పెట్టి చూసినట్టు.

ఇంటికి తొక్కుకుంటూ ఆలోచించాను,
చీకట్లో ఉన్నవాడికి దీపం ఇచ్చానా,
దొంగ చేతికి తాళాలు ఇచ్చానా.
తొడుగుల్లో నా అరచేతులు నానిపోయాయి.

శుక్రవారం డాక్టర్ ముందు
అతను భయం గురించి మాట్లాడాడు.
వంతెన, ఎర్రదీపం, ఆగని పొట్ట.
నాకంటే బాగా చెప్పాడు.
నేను మరిచిపోయిన ఎదురుగాలిని కూడా చేర్చాడు.
డాక్టర్ కలం ఒక్క క్షణం ఆగింది.
ముల్లు ఒక్కటే, చదువురానిది,
ఉన్నచోటే ఉంది.

తీగలు విప్పాను.
జిగురు తుడుచుకోమని కాగితం ఇచ్చాను.
అతను నా చేతుల వైపు చూసి,
దాన్ని నీటుగా మడిచి
నాకే తిరిగిచ్చాడు.
"మీకే కావాలేమో" అన్నాడు.