యాభై యెన్‌ల చీకటి

లోపల ఏముంది, అని అడుగుతారు అందరూ
నా గల్లా ముందు వంగి.
ఏమీ లేదంటాను.
అబద్ధమాడమని నాకు జీతమివ్వరు.
అయినా తీస్తారు యాభై యెన్‌ల బిళ్ళ,
నడిమధ్య చిల్లున్న బిళ్ళ.
పిల్లలైతే ఒక కన్ను మూసి, ఆ చిల్లులోంచి
ముందు నన్ను చూస్తారు,
తర్వాత ఆయన్ని.

పైన పటారం, లోన లొటారం అన్నట్టు
నవ్వుకుంటూ బయటికొచ్చేవాళ్ళే ఎక్కువ.

కమకుర అమిదా బుద్ధుడి ముఖం
లోకమంతటికీ తెలుసు.
నాకు తెలిసింది వీపు.
వీపున బార్లా తెరిచిన రెండు కిటికీ తలుపులు.
రెక్కలా, అనడిగింది ఒకసారి ఒక పాప.
ఉక్కపోతకి, అన్నాను.

ఒకప్పుడు ఆయనకి ఇల్లుండేదట.
సముద్రం వచ్చి పట్టుకుపోయిందంటారు.
మళ్ళీ ఎవరూ కట్టలేదు.
వానాకాలం ఆయన ముక్కు కొసన ఒక చుక్క
పడనా వద్దా అని చాలాసేపు ఆగుతుంది.
బేరం లేని రోజుల్లో
నా ఉద్యోగం అదే, ఆ చుక్క.

ఆ రోజూ ముసురే.
మెడకి తెల్లటి పట్టీ కట్టుకున్న ముసలాయన
ఎదుట నిలబడి దండం పెట్టలేదు, ఫోటో తీయలేదు,
తిన్నగా నా దగ్గరికే వచ్చాడు.
బిళ్ళ ఇచ్చిన వేళ్ళ మీద
పాత నిప్పురవ్వల మచ్చలు.

మూసే వేళైంది. ఆయన రాలేదు.
గంట కొట్టాను. రాలేదు.
తిట్టుకుంటూ టార్చి తీసుకుని వెళ్ళాను.

గోడకి అరచెయ్యి ఆనించి ఉన్నాడు,
జ్వరం చూస్తున్న వాడిలా.

"ఇదిగో, ఇక్కడ ఆపారు" అన్నాడు నావైపు తిరక్కుండా.
"కంచు చాల్లేదో, చీకటే పడిందో.
మళ్ళీ దీనిమీదే పోశారు.
చల్లారినదానికి వేడిది ఊరికే అంటదమ్మా,
చూడు, కొక్కెం వేసినట్టు ఎలా పట్టించారో."
అతుకు వెంట వేలు నడిచింది,
దారి తెలిసిన వేలు.

"కవగుచిలో పోతపని. నలభై రెండేళ్ళు.
మాన్‌హోల్ మూతలు.
నువ్వూ నా మీదనుంచి నడిచే ఉంటావు."

బయటంతా ఆకురాయి పెడతారట.
లోపల ఎవరు చూడొచ్చార్లే అని వదిలేస్తారట.
ఎవడెలా చేశాడో తెలియాలంటే
వదిలేసినచోటే చూడాలట.

టార్చి పైకెత్తమన్నాడు.
"మెడ దగ్గర ఆ పూత?"
ప్లాస్టిక్, అన్నాను. మా అమ్మ చిన్నప్పుడు వేశారు, బలానికి.
తన పట్టీ తడుముకున్నాడు.
"ఇద్దరికీ ఒకే డాక్టరన్నమాట!"
ఆ నవ్వు తల దాకా ఎక్కి
ఎవరో పైన కూర్చుని నవ్వినట్టు
తిరిగొచ్చింది.

పదకొండేళ్ళు.
బబుల్‌గమ్ గీకడానికి వచ్చాను ఇక్కడికి,
పేర్లు చెక్కుతున్న కుర్రాళ్ళని తరమడానికి వచ్చాను.
చెయ్యి పెట్టలేదు ఎప్పుడూ.
పెట్టాను.
చల్లగా, గరుగ్గా, గళ్ళుగళ్ళుగా.
బయటి వాన లోపలికి
ఎవరో దూరంగా చాటలో బియ్యం చెరుగుతున్నట్టు వినిపించింది.
టార్చి ఎప్పుడార్పానో గుర్తు లేదు.

గేటు దాటేటప్పుడు చూశాను.
దారి మధ్య ఇనుప మూత.
అందరూ తొక్కిపోయేదే.
గొడుగు కర్రలా ఊతం పట్టి
మెడ వంగక, నడుమే వంచి
అంచు ఒకసారి చూసి
పక్కనించి వెళ్ళాడు.
బాగుందనో, తనది కాదనో.

రాత్రి లెక్కలో ఇసే ఆగిపోయింది.
"చివర్లో వెళ్ళింది ఒక్కడే కదా,
రెండు టికెట్లు చింపావేం?"

డబ్బు సరిపోయిందా లేదా, అన్నాను.
సరిపోయింది, అంది.
నా పర్సులో
చిల్లున్న బిళ్ళ ఒకటి తక్కువ.