ఒక మేకు ఎక్కువ

నెల్లిమర్ల రోడ్డు దిగి
జనపనార లారీల వెనకాలే నడిస్తే
రేకుల షెడ్డు. లోపల ఇనుము వాసన,
సుద్దపొడి, చెమట,
నానబెట్టిన శనగల బకెట్టు.

ఈమధ్యే పెద్దలు దానికి పేరు పెట్టారు: కీర్తి మందిరం.
ఉత్తరం గోడకి తెల్లరంగు వేయించి
పదకొండు ఫోటోలు తగిలించారు.
జాతీయస్థాయి పతకం ఉంటే గోడ.
లేకపోతే నేల.

నేను నేల మనిషిని.
గౌహతిలో మూడుసార్లు వంగాను, మూడుసార్లూ ఎర్రదీపాలే.
రెండు రాత్రుళ్ళు రైల్లో
ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చి
మర్నాడు షెడ్డు తాళం తీశాను.
ఇరవై రెండేళ్ళు. తాళంచెవి ఇంకా నా కొంగునే ఉంది.

ఆదివారాలు అద్దాలు తుడుస్తాను.
ఇజ్జరోతు సూరమ్మ, నా జోడీ,
నా బూట్లేసుకుని వెళ్ళి బంగారం తెచ్చింది.
ఫోటో నడుం దాకానే తీశారు, బూట్లు కనపడవు.
అసూయ లేదని అనను.
ఊపిరి ఊది ఆ మొహం మీద
కాస్త గట్టిగానే రుద్దుతాను.

ఎందుకీ గోడ అని చాన్నాళ్ళు అనుకున్నాను.
పోయినవాళ్ళకి దండ వేసే చోటా,
వచ్చిన నాయకుడి వెనక తెరా?

మొన్న జూన్‌లో కోరాడవారి గుంట, పదేళ్ళది,
ఎముకలకి గౌను తొడిగినట్టుంది,
సూరమ్మ ముందు నిలబడి అడిగింది:
"ఈ అప్ప ఏ వీధిది?"
"మీ వీధేనే. నూతి పక్కిల్లు."
"మొదట్రోజు ఎంతెత్తినాది?"

గెలిచిన కిలోలన్నీ నాకు కంఠతా వచ్చు.
ఇది మాత్రం ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు.
"ఏటీ ఎత్తలేదు. ఉట్టి ఎదురుకర్ర.
దానికీ ఏడిసినాది."
గుంట నవ్వింది.
సుద్దలో చేతులు ముంచింది.

పేర్లు రాసే సింహాద్రితో చెప్పాను,
బంగారం కింద చిన్నక్షరాల్లో ఇదీ రాయమని.
కమిటీ ఒప్పుకోవాలన్నాడు.
ఒప్పుకోలేదు.
రాత్రిపూట నేనే రాశాను, సుద్దముక్కతో:
ఎదురుకర్ర. ఏడిసినాది.
వానాకాలం చెమ్మకి చెరిగిపోతుంది,
మళ్ళీ రాస్తాను.

అన్నట్టు, సింహాద్రి లెక్క తప్పి
పన్నెండో మేకు కొట్టేశాడు.
పీకమని ఎవరూ అనలేదు.
కోరాడ పిల్ల దానికి బడిసంచీ తగిలిస్తుంది.
ఆ బరువుకి మేకు కొంచెం వంగింది కూడా.

మేం ఎత్తలేక పడేసిన చోట
నేల మీద రెండు గుంటలున్నాయి.
సిమెంటు వేసి పూడ్చమన్నారు.
మా వైపు గొయ్యినీ గుంటే అంటాం,
ఆడపిల్లనీ గుంటే అంటాం.
ఇంకా పూడ్చలేదు నేను.
సాయంత్రం ఐదింటికి వచ్చి
సరిగ్గా వాటి మధ్యే నిలబడుతుంది.