నాలుగు డిగ్రీలు

మిల్డ్యూరాలో పెరుగు ఎక్కించినప్పుడు
ముల్లు నాలుగు మీదుంది.
బయట నలభై మూడు.

ఒక్క కొట్టు సరుకుకి డీజిలు గిట్టదు,
అందుకే మూడు కొట్లకీ ఇదొక్కటే బండి.
అడుగున ఉల్లి, నడుమ పాలు,
టమాటాల నెత్తిన ఏదీ పెట్టనివ్వను.

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే,
నాకు ముందు కంగారూ
వెనక గుడ్లు.
బ్రేకు మీద కాలు
నిద్రపోయే పసివాడి మీద దుప్పటిలా వేస్తాను.

ప్యాక్‌శాడిల్‌లో మెరెడిత్ కాగితం చూడదు.
డబ్బా తీసి చెంపకి ఆనించుకుని
కళ్ళు మూసుకుంటుంది.
"కిందటిసారికన్నా అరవై సెంట్లు
తగ్గించి అమ్మొచ్చు" అంటుంది, అలాగే.

టీ తాగి వెళ్ళమంటుంది.
చల్లమోటారు గురగురలాడుతూనే ఉంది.
టిబూబురా పాలు
ఇంకా లోపలే ఉన్నాయి.